ఇంటికి క్యామ్‌కార్డర్: 25 వేలలో ఏది కొనాలి, ఏది వద్దు

మీ ప్రశ్న ఇది. పాప కూచిపూడి ప్రదర్శనలు, బాబు బడిలో యాన్యువల్ డే, ఇంట్లో శుభకార్యాలు తీసుకోవడానికి 25 వేల లోపు క్యామ్‌కార్డర్ కావాలి. ఆన్‌లైన్‌లో 8 వేలకు ‘4కె, 48 మెగాపిక్సెల్’ అని కనిపిస్తున్నది కొనవచ్చా, అమెరికాలో ఉన్న బావమరిది చేత తెప్పించుకుంటే నయమా, అసలు చేతిలో ఉన్న ఫోనే సరిపోదా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 8 వేలది వద్దు. అమెరికా నుంచి వద్దు. ఇంట్లో జరిగే వాటికి ఫోన్ చాలు. వేదికకు దూరంగా కూర్చుని గంటా రెండు గంటలు ఆపకుండా తీయాలంటే మాత్రం క్యామ్‌కార్డర్ పనికొస్తుంది. 25 వేలూ కెమెరాకే పెట్టకండి. పదహారు, పదిహేడు వేలు కెమెరాకు, మిగతాది స్టాండు, రెండో బ్యాటరీ, కార్డు, మైకుకు ఉంచండి. కారణాలు ఒక్కొక్కటే చెబుతాను.

ఫోన్ సంగతి. తక్కువ ధర క్యామ్‌కార్డర్లలో ఉండే సెన్సర్, అంటే వెలుగును బొమ్మగా మార్చే చిప్పు, చాలా చిన్నది. సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405 లాంటి వాటిలో 1/5.8 అంగుళాలది. ఈమధ్య వస్తున్న మామూలు ఫోన్లలోని ప్రధాన కెమెరా సెన్సర్ దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అందుకే రాత్రి పూట హాల్లో ట్యూబ్‌లైటు వెలుగులో కేక్ కోస్తుంటే ఫోన్ వీడియో శుభ్రంగా వస్తుంది, క్యామ్‌కార్డర్‌ది ఇసుక చల్లినట్టు వస్తుంది. క్యామ్‌కార్డర్ కొన్నవాళ్లు మొదటి వారంలోనే నిరాశపడేది ఇక్కడే. కెమెరా చెడిపోయి కాదు, దాని పని అది కాదు.

ఫోన్ ఓడిపోయే చోట్లు వేరు. జూమ్ చేసేకొద్దీ బొమ్మ మెత్తబడిపోతుంది. నలభై నిమిషాలు తీసేసరికి వేడెక్కి తెర వెలుగు తగ్గించేస్తుంది, ఎండలో అయితే రికార్డింగే ఆపేస్తుంది. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు. స్టోరేజ్ నిండిందని ఆఖరి పాటలో చెబుతుంది. పైగా ఆ రెండు గంటలూ మీ ఫోన్ మీ చేతిలో ఉండదు.

జూమ్ ఎంత కావాలో మీరే లెక్క కట్టుకోవచ్చు. కెమెరా వివరాల్లో ‘35 ఎంఎం సమానం’ అని ఒక అంకె ఇస్తారు; అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. వైడ్ వైపు (అసలు జూమ్ చేయనప్పుడు) 26.8 అని, జూమ్ 30 రెట్లు అని ఉంటే, చివరికి 804 దాకా వెళుతుందని అర్థం. ఇప్పుడు మీ పాప వేదిక మీద నిలబడి ఉంది, తల నుంచి గజ్జెల దాకా కనిపించాలి, పైనా కిందా కాస్త ఖాళీ ఉండాలి. అంటే ఫ్రేము ఎత్తు ఆరున్నర అడుగులు. మీరు కూర్చున్న చోటు నుంచి వేదికకు 60 అడుగులు. దూరాన్ని 21తో గుణించి ఫ్రేము ఎత్తుతో భాగించండి: 60 × 21 ÷ 6.5, అంటే దాదాపు 195. 26.8తో మొదలయ్యే లెన్సుకు ఇది ఏడెనిమిది రెట్ల జూమ్ మాత్రమే. అభినయం కనిపించేలా నడుము నుంచి పైకి మూడు అడుగులే కావాలంటే 420 కావాలి, అంటే 16 రెట్లు. క్రికెట్ గ్రౌండు అంచున నిలబడి 150 అడుగుల దూరంలో ఉన్న పిల్లాణ్ణి నిలువునా పట్టాలంటే 485, అంటే 18 రెట్లు.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. 20 రెట్ల ఆప్టికల్ జూమ్ (లెన్సు కదిలి చేసే అసలు జూమ్) ఉంటే ఇంటి అవసరాలకు ధారాళంగా సరిపోతుంది. 50 రెట్లు, 90 రెట్లు అని రాసి ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ఫోన్‌లో 3 రెట్ల టెలి లెన్సు ఉంటే అది 70, 80 దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి మిగతాదంతా కత్తిరించి సాగదీయడమే. వేదిక నుంచి 20 అడుగుల లోపు కూర్చోగలిగితే ఫోన్ నెగ్గుకొస్తుంది. బడి ఫంక్షన్లలో ముందు వరసలు ఎవరికిస్తారో మీకు తెలుసు.

జూమ్ గురించి అందరూ అడుగుతారు కానీ వైడ్ వైపు అంకె ఎవరూ అడగరు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతోంది, గోడకు ఆనుకుని నిలబడితే పీటలకూ మీకూ మధ్య 10 అడుగులే ఉంది. 26.8తో మొదలయ్యే కెమెరాలో ఆ దూరంలో 14 అడుగుల వెడల్పు పడుతుంది; దంపతులు, పురోహితుడు, పక్కన కూర్చున్న నలుగురు పెద్దవాళ్లు అందరూ వస్తారు. 38తో మొదలయ్యే కెమెరాలో 10 అడుగులే పడుతుంది. ఎవరో ఒకరు సగానికి తెగుతారు. కెనాన్ పాత చవక మోడళ్లు కొన్ని ఇలా 38 దగ్గర మొదలయ్యేవి. వైడ్ వైపు అంకె 30 దాటిన కెమెరాను ఇంట్లో వాడకానికి తీసుకోకండి.

ఇక 8 వేల కెమెరా. ఇలాంటివి రకరకాల పేర్లతో వస్తాయి, లోపల సరుకు దాదాపు ఒకటే. ఒక చిన్న సెన్సర్, కదలని లెన్సు. ‘16 ఎక్స్’, ‘18 ఎక్స్’ అని రాస్తారు, అది డిజిటల్ జూమ్. అంటే ఫోన్‌లో రెండు వేళ్లతో సాగదీయడమే, ఇక్కడ దానికి బటన్ పెట్టారు. 48 మెగాపిక్సెల్ అనేది ఫొటోను సాఫ్ట్‌వేర్ ఉబ్బించి చెప్పే లెక్క. వీడియోకు దానితో సంబంధం లేదు, అసలైన 4కె వీడియోకే 8 మెగాపిక్సెల్స్ చాలు. లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉండదు. డబ్బాలో మైకు, రిమోటు, లెన్సు ముందు బిగించే వైడ్ గాజు, సంచి ఇలా పది వస్తువులు పెట్టి కళ్లు నింపుతారు.

అసలు జూమ్ ఉందో లేదో పట్టుకోవడం తేలిక. లెన్సు చుట్టూ అచ్చు వేసిన అంకెలు చదవండి. సీఎక్స్405 మీద 1.9-57.0 అని ఉంటుంది. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 30, అదే దాని ఆప్టికల్ జూమ్. సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్43 మీద 4.4-88, భాగిస్తే 20. ఒకే అంకె ఉంటే లెన్సు కదలదు, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. ప్రకటనలో లెన్సు దగ్గరి ఫొటో లేకపోతే అడగండి. పంపకపోతే అదే జవాబు.

ఆ అంకెల పక్కనే ఎఫ్1.8-4.0 అని కూడా ఉంటుంది. దీన్ని చాలామంది దాటేస్తారు, కానీ సభామందిరాల్లో తీసేవాళ్లకు ఇది జూమ్ కన్నా ముఖ్యం. వైడ్ వైపు లెన్సు ఎఫ్1.8 మేర తెరుచుకుంటుంది, పూర్తి జూమ్‌లో ఎఫ్4కు ముడుచుకుపోతుంది. అంటే చివరిదాకా జూమ్ చేస్తే లోపలికి వచ్చే వెలుగు దాదాపు ఐదోవంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి కెమెరా గెయిన్ పెంచుతుంది, అంటే ఉన్న కాస్త వెలుగునే సాగదీస్తుంది, బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది. వెనక వరసలో కూర్చుని పూర్తి జూమ్ కొట్టి, ‘కెమెరా బాగోలేదు’ అనుకునేవాళ్లకు పదిహేను అడుగులు ముందుకు జరగడమే పెద్ద మరమ్మతు. పక్క దారిలోనైనా సరే, దగ్గరగా ఉండే చోటే మంచిది.

మోడళ్ల విషయానికి వస్తే, క్యామ్‌కార్డర్ల బజారు ఫోన్ల దెబ్బకు బాగా చిక్కిపోయింది. ఇంటి వాడకానికి కొత్త మోడళ్లు రావడం దాదాపు ఆగింది. అంగళ్లలో కనిపించేవి చాలావరకు ఏళ్ల కిందటి డిజైన్లే. అందువల్ల మీ ధరలో ఎంపిక రెండు దారులుగా ఉంటుంది.

ఒకటి, సీఎక్స్405 తరహా చిన్న కెమెరా. 2015లో వచ్చిన డిజైన్ ఇది. 190 గ్రాముల బరువు, ఫుల్ హెచ్‌డీ, 30 రెట్ల జూమ్, వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది. చార్జింగ్ తీగ చేతిపట్టీలోనే ఉంటుంది కాబట్టి పోగొట్టుకోలేరు. పెద్దవాళ్ల చేతికిచ్చినా ఒక బటన్ నొక్కితే పని అయిపోతుంది. లోపాలు: తక్కువ వెలుగులో బలహీనం, తెర టచ్ కాదు, అన్నిటికన్నా ముఖ్యంగా బయటి మైకు పెట్టుకునే సాకెట్ లేదు.

రెండోది, సెన్సర్ 1/2.3 లేక 1/2.5 అంగుళాలుండి, 20 రెట్ల జూమ్, మైక్ సాకెట్ ఉన్న మధ్యతరగతి కెమెరా, సెకండ్ హ్యాండ్‌లో. పానసోనిక్ హెచ్‌సీ-వీ785 ఈ కోవలోది. ఇలాంటి సెన్సర్ వైశాల్యం చిన్నవాటికన్నా సుమారు ఐదారు రెట్లు ఎక్కువ; వేదిక వెలుగులో తేడా మామూలు కంటికే తెలుస్తుంది. సోనీ ఏఎక్స్43 ఇంకా మేలు. లెన్సు మొత్తం ఊయలలా కదిలి వణుకును మింగేస్తుంది, చేత్తో పట్టుకుని నడుస్తూ తీసినా చూడగలిగేలా ఉంటుంది. కానీ మీ 25 వేలలో మంచి స్థితిలో ఉన్నది దొరకడం కష్టం. కూచిపూడి మీకు ముఖ్యం కాబట్టి, అంటే వెలుగు తక్కువ, సంగీతం ఎక్కువ కాబట్టి, నేనైతే కొత్త సీఎక్స్405 కన్నా శుభ్రంగా వాడిన వీ785 తరహా దానికే ఓటేస్తాను. 4కె కోసం పాకులాడకండి. మంచి ఫుల్ హెచ్‌డీ, నాసిరకం 4కె పక్కపక్కన పెట్టి టీవీలో చూస్తే ఫుల్ హెచ్‌డీదే గెలుపు.

అమెరికా నుంచి ఎందుకు వద్దంటున్నానంటే, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అక్కడ అమ్మే క్యామ్‌కార్డర్లు సెకనుకు 60 లేక 30 ఫ్రేములు తీస్తాయి, ఇక్కడివి 50 లేక 25. మన ట్యూబ్‌లైట్లు, చాలా రకాల చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు కానీ 60 ఫ్రేముల కెమెరాకు ఆ లెక్క కుదరదు; వీడియో అంతా సన్నగా కొట్టుకుంటూ, గోడల మీద పట్టీలు పాకుతున్నట్టు వస్తుంది. షటర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయాన్ని) సెకనులో 1/100కు పెడితే తగ్గుతుంది. కానీ చవక మోడళ్లలో షటర్ మార్చుకునే వీలే చాలావాటిలో ఉండదు, 60ని 50గా మార్చే మీట కూడా సాధారణంగా ఉండదు. చార్జరు మాత్రం 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసేదే ఉంటుంది, దానితో సమస్య లేదు. వారంటీ ఇక్కడ పనికిరాకపోవచ్చు, అది అడిగి చూసుకోవాలి. బావమరిది తన పిల్లల కోసం అక్కడే వాడుకోవాలంటే అక్కడ కొన్నదే సరైనది; మీ కోసం కాదు. గల్ఫ్ దేశాల్లో అమ్మేవి సాధారణంగా 50 ఫ్రేముల మోడళ్లే, కానీ డబ్బా మీద పాల్ (50 ఫ్రేములది) అని ఉందో ఎన్‌టీఎస్‌సీ (60 ఫ్రేములది) అని ఉందో చూసే కొనమనండి. జపాన్ నుంచి వచ్చిన పాత సోనీలు చవకగా దొరుకుతుంటాయి. వాటిలో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడం కుదరదు. పైగా అవీ 60 ఫ్రేములవే.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ఒక చార్జయిన బ్యాటరీ, ఒక ఖాళీ కార్డు, ఫోన్ టార్చి తీసుకెళ్లండి. హైదరాబాద్ కోఠి వైపు దుకాణమైనా, ఎవరింటికో వెళ్లి చూసినా ఈ వరస తప్పకండి.

మొదట లెన్సు. కెమెరా ఆపి, మూత తెరిచి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. దుమ్ము రేణువు ఒకటో రెండో ఉంటే ఫరవాలేదు. సాలెగూడు తంతువుల్లా, మంచుపొరలా తెల్లగా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తేమ ఉండే ఊళ్లలో సంచిలో పడేసి ఉంచిన కెమెరాలకు ఇది సర్వసాధారణం. లోపలి గాజుకు పట్టిన ఫంగస్‌ను తుడవాలంటే లెన్సు విప్పాలి, ఆ ఖర్చుకు ఇంకో పాత కెమెరా వస్తుంది. ధర తగ్గిస్తానన్నా వద్దు.

తర్వాత జూమ్. వైడ్ నుంచి చివరి దాకా, మళ్లీ వెనక్కి, నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి. ‘కరకర’ శబ్దం వచ్చినా, మధ్యలో ఆగి ముందుకు దూకినా గేర్లు అరిగినట్టే. పూర్తి జూమ్‌లో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాల మీద ఫోకస్ చేసి, కదలకుండా అలాగే వైడ్‌కు రండి, మళ్లీ జూమ్ చేయండి. ప్రతిసారీ ఫోకస్ వెతుక్కుంటూ అటూ ఇటూ ఊగితే లోపలి లెన్సు గాజులు పక్కకు జరిగి ఉండవచ్చు. ఎప్పుడో కింద పడ్డ కెమెరా అయి ఉంటుంది. మూలల్లో చొట్టలు, స్టాండు బిగించే రంధ్రం దగ్గర పగుళ్లు చూడండి. సోనీ ఏఎక్స్ వరసలో ఆపి ఉన్నప్పుడు ఊపితే లోపల లటలట అనడం మామూలే, ఊయల లెన్సు అది. దానికి భయపడనక్కర్లేదు.

తెర. తెరిచి, మూసి, ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, ఇలా పదిసార్లు. తిప్పుతుంటే తెర మిణుకుమన్నా, రంగులు మారినా మడతబందు దగ్గర పట్టీ తీగ తెగుతోందని అర్థం. ఈ కెమెరాల్లో త్వరగా పోయే భాగాల్లో అదొకటి.

సెన్సర్. లెన్సు మూత మూసి చీకట్లో ఒక నిమిషం రికార్డు చేసి టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో చూడండి. ఒకేచోట కదలకుండా ఎర్రగా, నీలంగా, తెల్లగా మెరిసే చుక్కలుంటే చెడిపోయిన (హాట్) పిక్సెళ్లు. ఒకటుంటే బేరం ఆడవచ్చు, ఐదారుంటే వదిలేయండి. చివరగా తేదీ పెట్టి, బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. తేదీ పోతే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినట్టు. ఒక రోజంతా చార్జింగ్‌లో ఉంచితే కొన్ని కోలుకుంటాయి, కొన్ని కోలుకోవు.

హార్డ్ డిస్కు ఉన్నవి, చిన్న డీవీడీ మీద రాసేవి, టేపువి ఎంత చవకైనా తీసుకోవద్దు. డీవీడీ కెమెరాలో 8 సెంటీమీటర్ల పళ్లెంలో మంచి నాణ్యతలో పట్టేది 20 నిమిషాలు. మినీ డీవీ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ అనే పాతరకం పోర్టు కావాలి, టేపు గంటైతే ఎక్కించడానికీ గంటే. మీ ఇంట్లో పాత పెళ్లి టేపులుంటే వాటిని ఎక్కించుకోవడానికి మాత్రం అలాంటి పాత కెమెరా పనికొస్తుంది, అది వేరే కథ. అలాగే కొన్ని పాత సోనీలు మెమరీ స్టిక్ తప్ప వేరే కార్డు తీసుకోవు. కొన్ని 32 జీబీ మించిన కార్డును గుర్తించవు.

కార్డు లెక్క. వీడియోను కార్డు మీద రాసే పద్ధతిని బట్టి ఇది మారుతుంది. ఫుల్ హెచ్‌డీలో సోనీ ఎక్స్‌ఏవీసీ ఎస్ పద్ధతి 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు). గంటకు దాదాపు 22 జీబీ, 64 జీబీ కార్డులో రెండున్నర గంటలు. ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో పైస్థాయి 28 ఎంబీపీఎస్. గంటకు 12, 13 జీబీ. 4కె 100 ఎంబీపీఎస్ అయితే 45 జీబీ. సీఎక్స్405లో ఎక్స్‌ఏవీసీ ఎస్ పనిచేయాలంటే 64 జీబీ లేదా అంతకుమించిన మైక్రో ఎస్‌డీఎక్స్‌సీ కార్డు, వేగం క్లాస్ 10 ఉండాలి. 32 జీబీ కార్డు పెట్టి ‘ఈ ఆప్షన్ నొక్కనివ్వడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. 256 జీబీ ఒకటి కన్నా 64 జీబీవి రెండు మేలు, ఒకటి పాడైతే సగం కార్యక్రమమైనా మిగులుతుంది. నకిలీ కార్డులు విపరీతం. పైన 128 అని ఉండి లోపల 16 ఉంటుంది. నిండే దాకా రాస్తున్నట్టే నటించి పాతదాన్ని చెరిపేస్తుంది. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం రాసి, చదివించి చూడండి. ఆ తర్వాత ఫార్మాట్ కెమెరాలోనే చేయండి, కంప్యూటర్‌లో కాదు.

బ్యాటరీ గురించి తయారీదారు ఇచ్చే నిమిషాలు రెండు రకాలు: ఆపకుండా తీస్తే ఎంత, ఆపుతూ జూమ్ చేస్తూ తీస్తే ఎంత. రెండోది మొదటిదానిలో దాదాపు సగం. పెట్టెలో వచ్చే చిన్న బ్యాటరీతో రెండు గంటల నాట్య ప్రదర్శన పూర్తవదు. సీఎక్స్405 వాడే ఎన్‌పీ-బీఎక్స్1 బ్యాటరీ 1240 ఎంఏహెచ్. అదే పరిమాణంలో ‘2000 ఎంఏహెచ్’ అని రాసి ఉన్నది దొరికితే అది అబద్ధం. వేరే కంపెనీల బ్యాటరీలను కొన్ని కెమెరాలు మిగిలిన నిమిషాలు చూపకుండా వాడుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. కాబట్టి వెనక్కిచ్చే వీలున్న చోటే కొనండి. ఉబ్బిన బ్యాటరీని బలవంతంగా తోయకండి, బయటికి రాదు.

స్టాండు దగ్గర పిసినారితనం వద్దు. పూర్తి జూమ్‌లో చేతి వణుకు ఏ ఏర్పాటూ ఆపలేదు. సెల్ఫీ స్టాండులాంటి సన్నవి ఫ్యాను గాలికే ఊగుతాయి. కనీసం 5 అడుగుల ఎత్తు, పక్కకు తిప్పడానికి పొడవాటి చెయ్యి, తిప్పుతుంటే జిగురుగా మెల్లగా కదిలే తల ఉన్నది తీసుకోండి. అంగడిలోనే తిప్పి చూడండి, కుదుపుతో మొదలై కుదుపుతో ఆగితే వద్దు. మధ్య కడ్డీని పూర్తిగా పైకి లేపకుండా కాళ్లనే పొడవు చేయండి. కింద కొక్కేనికి సంచి తగిలిస్తే ఇంకా నిలకడ. స్టాండు మీద ఉన్నప్పుడు వణుకు తగ్గించే ‘యాక్టివ్’ మోడ్ ఆపండి. లేకపోతే పక్కకు తిప్పి ఆపాక కూడా బొమ్మ కాస్త జారుతుంది, ఫ్రేము అంచులూ కోసుకుపోతాయి.

శబ్దం. కూచిపూడిలో నట్టువాంగం, మృదంగం కెమెరాలోని మైకుకు చేరేసరికి హాలు ప్రతిధ్వని, పక్కవాళ్ల మాటలు, ఏసీ హోరు అన్నీ కలిసిపోతాయి. స్పీకరు పక్కనే కూర్చుంటే పగిలిపోతుంది. కొన్ని సోనీ మోడళ్లలో ‘మైక్ రెఫరెన్స్ లెవెల్’ అని ఉంటుంది, దాన్ని ‘లో’ (తక్కువ)కు పెడితే పెద్ద శబ్దాలు కొంత నిలుస్తాయి. మైక్ సాకెట్ ఉంటే సౌండ్ సిస్టమ్ వాళ్ల మిక్సర్ నుంచి ‘రికార్డ్ అవుట్’ తీసుకోవచ్చు. కానీ నేరుగా గుచ్చకండి. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, కెమెరా ఆశించేది మైక్ లెవెల్, అంటే వందల రెట్లు చిన్నది. మొత్తం గరగరమని చిట్లిపోతుంది. మధ్యలో శబ్దం తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ కావాలి. సాకెట్ లేని కెమెరా అయితే పాత ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి స్పీకరుకు ఆరేడు అడుగుల దూరంలో పెట్టండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండిటినీ కలపడం రెండు నిమిషాల పని.

వేదిక దగ్గర సెట్టింగులు. కెమెరాను పూర్తి ఆటోలో వదిలితే చుట్టూ ఉన్న నల్లటి నేపథ్యం చూసి వెలుగు పెంచేస్తుంది, పాప ముఖం తెల్ల కాగితంలా అయిపోతుంది. ‘స్పాట్‌లైట్’ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే ఎక్స్‌పోజర్‌ను (వెలుగు మోతాదును) ముఖం మీద ఆభరణాలు, కళ్ల కాటుక స్పష్టంగా కనిపించేదాకా తగ్గించండి. కాస్త చీకటిగా తీసినది తర్వాత సరిచేయవచ్చు, తెల్లబారిపోయింది తిరిగి రాదు. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగును) ఆటోలో ఉంచకుండా వేదిక మీద మామూలు తెల్ల లైటు ఉన్నప్పుడు లాక్ చేయండి, లేకపోతే ఎర్ర లైటు, నీలి లైటు మారినప్పుడల్లా రంగు వెతుక్కుంటుంది. పాప వేదిక మధ్యలో ఉన్నప్పుడు ఫోకస్ పట్టి మాన్యువల్‌కు మార్చేయండి. లైట్లు ఆరి వెలిగేటప్పుడు ఆటో ఫోకస్ తప్పనిసరిగా తడబడుతుంది. డిజిటల్ జూమ్‌ను మెనూలో ఆపేయడం మరచిపోకండి. పాట మధ్యలో జూమ్ చేయడం తగ్గించండి. పాదాల కదలిక, చేతి ముద్ర రెండూ ఫ్రేములో ఉంటేనే గురువుగారికి చూపించి తప్పులు దిద్దించుకోవడానికి పనికొస్తుంది.

ఇంటికి వచ్చాక ఏవీసీహెచ్‌డీలో తీసినది అయితే ఒక్కో ఫైలు లాక్కోకుండా కార్డులోని ఫోల్డరు మొత్తాన్ని అలాగే కాపీ చేయండి. పొడవైన రికార్డింగును కెమెరా 2 లేక 4 జీబీ ముక్కలుగా కోస్తుంది. విడివిడిగా ప్లే చేస్తే ముక్కకూ ముక్కకూ మధ్య పాట క్షణకాలం తెగుతుంది, కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేర్ ద్వారా దించుకుంటే అతుకు లేకుండా కలుపుతుంది. రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ చేసి, ప్లే అవుతున్నాయో లేదో చూశాకే కార్డు చెరపండి. తాతమ్మలకు పంపడానికి వాట్సాప్‌లో మామూలు వీడియోగా పెడితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. సీఎక్స్405 లాంటివాటిలో పెద్ద ఫైలుతోపాటు చిన్న ఎంపీ4 కూడా ఒకేసారి రాసే సదుపాయం ఉంది, పంపడానికి అది సరిపోతుంది.

వాడనప్పుడు బ్యాటరీ తీసి, సగం చార్జితో ఉంచండి. కెమెరాను దానితో వచ్చిన రెగ్జిన్ సంచిలో కాకుండా గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెబుతారు, వద్దు, తవుడు లోపలికి పోతుంది. నెలకోసారి బయటికి తీసి పది నిమిషాలు నడపండి. చీకటి, తేమ, కదలని గాలి ఉన్న చోట ఫంగస్ బాగా పెరుగుతుంది.

యాన్యువల్ డే తేదీ చూసుకుని కనీసం మూడు వారాల ముందు కొనండి. వెనక్కిచ్చే గడువు సాధారణంగా వారం, పది రోజులే ఉంటుంది కాబట్టి, వచ్చిన రోజే బ్యాటరీ నిండా చార్జి చేసి, స్టాండు మీద పెట్టి, కిటికీ బయటికి గురిపెట్టి, కార్డు నిండేదాకా ఆపకుండా ఒకసారి రికార్డు చేయండి. వేడికి ఆగిపోవడం, కార్డు తప్పులు, బ్యాటరీ అసలు నిమిషాలు అన్నీ ఆ ఒక్క పరీక్షలోనే బయటపడతాయి.